సదస్సులో దున్నదూడకు చోటేదీ?

పశు అవగాహన సదస్సులు మళ్లీ మొదలయ్యాయి. ఫ్లెక్సీ, టీ, ఖనిజ లవణాల ప్యాకెట్, గ్రూపు ఫొటో. రెండు గంటలూ పాల గురించే చెబుతారు. ఈనిన గేదెల్లో దాదాపు సగం వేసేది దున్నదూడలనే. వాటి ఊసే ఉండదు.

మనమూ అడగం. ఆ దూడల్ని ఏం చేస్తున్నామో మనకు తెలుసు కాబట్టి. గేదె చేపడానికి రెండు నిమిషాలు వదిలి లాగేస్తాం. నెల తిరగకముందే పారుకుని చస్తుంది. చేపడానికి సూది ఉందిగా! మాంసం మాట మన పత్రికలో ఎందుకని కొందరు నొచ్చుకుంటారు. కొట్టంలో ఆకలితో చంపడం పుణ్యమా? మన దేశం ఎగుమతి చేసే మాంసంలో పెద్ద వాటా గేదెజాతిదే. ఆ లాభంలో దూడను సాకిన కొట్టానికి వచ్చేదెంత?

నేర్పాల్సింది కొండంత లేదు. పుట్టిన గంట రెండు గంటల్లో కడుపునిండా ముర్రుపాలు. బొడ్డుకు టింక్చర్ అయోడిన్. ఏలికపాముల పిల్లలు తల్లిపాలలోంచే దూడ కడుపులోకి చేరతాయి. రెండో వారంలో తాగించాల్సిన మందును మనం బొజ్జ ఉబ్బి, బురదరంగు పారుడు మొదలయ్యాక వెతుక్కుంటాం.

అయితే దూడకు పాలు వదిలితే కేంద్రానికి పోసేది తగ్గుతుంది. ఆ నష్టం సంతలో పూడాలి. అక్కడేమో తువ్వాలు కింద వేళ్లు నొక్కి బేరం. కొనేవాడికి కంటిచూపుతోనే బరువు తెలుసు, అమ్మేవాడికి తెలియదు. ఒక తాడు, టైలరు టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవు అంగుళాల్లో తీయండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారుగా కిలోలు వస్తాయి. చుట్టు 60, పొడవు 50 ఉంటే 272 కిలోలు. కాటాకు అటూ ఇటూ అవుతుంది గానీ, గుడ్డి బేరం కన్నా మేలు. నేను కూర్చున్న ఏ సదస్సులోనూ ఈ లెక్క వినలేదు.

సదస్సు మండల కేంద్రం హాల్లో కాదు, కొట్టం దగ్గర పెట్టమందాం. గేదె ఈనిన వారంలోగా పాముల మందు ఊరికి చేరాలని గ్రామ కమిటీలు రాసివ్వాలి. సంతలో తలకింతని రుసుం గుంజుతూ కాటా పెట్టని చోట, కాటా వచ్చేదాకా రుసుం కట్టబోమని గేటు దగ్గరే నిలబడి చెబుదాం.