అందరికీ అక్కలం, ఏ లెక్కలోనూ లేం!

వేసవి సెలవులు వస్తున్నాయంటే చాలు, ఊరూరా గోడల మీద పోస్టర్లు వెలుస్తాయి. వ్యక్తిత్వ వికాసం, యోగా, కరాటే, చిత్రలేఖనం... నెల రోజులు మీ పిల్లల్ని మాకు అప్పగించండి, మీరే గుర్తుపట్టలేనంతగా మార్చి పంపిస్తాం అంటాయి. ఆ నెల రోజులూ రాత్రింబవళ్లు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఆడవాళ్ల గురించి మాత్రం ఏ పోస్టరూ మాట్లాడదు. వాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే రాస్తున్నాను.

బి.ఇడి. పూర్తిచేసి డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న రోజులు. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే వేసవి శిబిరానికి 'కౌన్సిలర్లు' కావాలంటే వెళ్లాను. మే నెలంతా శిబిరం. ఒక బడి భవనం అద్దెకు తీసుకున్నారు. నూట పది మంది పిల్లలు, అందులో నలభై ఎనిమిది మంది ఆడపిల్లలు. తల్లిదండ్రుల దగ్గర పిల్లకు ఆరు వేల చొప్పున వసూలు చేశారు. ఆడపిల్లల్ని చూసుకోవడానికి మేం నలుగురం. మాకు తలా నాలుగు వేలు 'గౌరవ పారితోషికం' అన్నారు, అదీ శిబిరం ముగిశాక. కాగితం ఏమైనా ఇస్తారా అని అడిగితే, "మనమంతా ఒక ఇంటివాళ్లం అమ్మా, ఇంట్లో కాగితాలేమిటి?" అన్నారు నిర్వాహకులు.

తెల్లవారుజామున నాలుగున్నరకు నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూసుకోవడంతో మా పని మొదలు. చిన్నపిల్లలకు జడలు వేయాలి. వడదెబ్బ తగిలిన పిల్లకు ఓఆర్‌ఎస్ తాగించాలి. ఇంటి మీద బెంగతో ఏడ్చే పిల్లను పక్కన పడుకోబెట్టుకోవాలి. మొదటిసారి నెలసరి వచ్చి బెదిరిపోయిన పిల్లకు ధైర్యం చెప్పాలి. రాత్రి పదకొండుకు దీపాలు ఆర్పాక తలుపు దగ్గర చాప వేసుకుని, ఒక కన్ను తెరుచుకునే పడుకోవాలి. కౌన్సిలర్ అన్న మాట పోస్టరు వరకే. లోపల మేం 'అక్కలం'.

రోజుకు రెండు గంటలు నేర్పే కరాటే మాస్టారికి గంటకు ఇంత అని లెక్క ఉంది. ప్రతి శనివారం ఆయన డబ్బు ఆయన చేతిలో పడేది. ఆయనది ఉద్యోగం, మాది సేవ! జడలు వేయడం, కన్నీళ్లు తుడవడం, కాపలా కాయడం ఆడదానికి పుట్టుకతో వచ్చిన విద్యలట. వాటికి జీతమెందుకని వాళ్ల ఉద్దేశం. సమాన పనికి సమాన వేతనమని ఈ దేశంలో 1976లోనే చట్టం చేశారు. కానీ ఆడవాళ్లు చేసేది అసలు పనే కాదనేస్తే ఇక సమానం మాట ఎక్కడిది?

జీతం గురించే అయితే ఈ వ్యాసం రాసేదాన్ని కాదేమో. పద్నాలుగో రోజు రాత్రి పదకొండేళ్ల పిల్ల ఒకతె వచ్చి నా చాప మీద పడుకుంది. పొద్దున్న 'సార్' లేపడానికి వస్తే భయం వేస్తోందంది. మేం స్నానాల గదుల దగ్గర ఉండే సమయం చూసుకుని సంస్థలోని ఒక పెద్దమనిషి హాల్లోకి వస్తున్నాడు. లేపే వంకతో దుప్పటి లాగి, తాకరాని చోట తాకుతున్నాడు. ఆయన మా భుజాల మీద కూడా చేయి వేసి మాట్లాడేవాడు. మేం పక్కకు జరిగి ఊరుకునేవాళ్లం. పెద్దవాళ్లం, మా మాటకే దిక్కులేని చోట పసిపిల్ల మాటకు దిక్కెవరు?

రెండు రోజులు నేను నోరు విప్పలేదు. ఈ సంగతి దాచుకోను. మధ్యలో పంపేస్తే నాలుగు వేలూ పోతాయి. ఇంటికి వెళ్తే 'ఏం చేసి వచ్చావు?' అని నన్నే అడుగుతారు. ఆ రెండు రోజులూ ఆ పిల్లను కళ్ల ముందు నుంచి కదలనివ్వలేదు. మరి మిగిలిన నలభై ఏడుగురి సంగతి? మూడో రోజు నిర్వాహకులకు చెప్పాను. "ఆయన తండ్రిలాంటివాడు. పిల్లలు ఏదో ఊహించుకుంటారు. బయటికి పొక్కితే సంస్థ పేరేం కావాలి? ఆ పిల్ల భవిష్యత్తు ఏం కావాలి?" అన్నారు. సాయంత్రానికి నా సంచి గేటు దగ్గర ఉంది. మధ్యలో వెళ్లేవాళ్లకు పారితోషికం లేదన్నారు. బస్టాండులో కూర్చుని 1098కి ఫోను చేశాను. మర్నాడు పోలీసులు శిబిరానికి వెళ్లారు. కేసు నడుస్తోంది గనుక అంతకు మించి రాయను.

ఆ తర్వాత మహిళా సంఘం మిత్రులు చట్టాలు నా ముందు పెట్టారు. పిల్లలపై లైంగిక నేరాల నుంచి రక్షణకు 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, అలాంటి నేరం గురించి తెలిసిన ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా జైలు. అంటే 'బయటికి పొక్కకూడదు' అన్నది హితవు కాదు, నేరం. నా రెండు రోజుల మౌనానికీ ఈ చట్టం ముందు సాకు లేదు. ఉండకూడదు కూడా. మంచి ఉద్దేశంతో ఫిర్యాదు చేసినవాళ్ల మీద కేసులు పెట్టకుండా ఇదే చట్టం కాపాడుతుంది. కానీ గేటు బయట పడిన నా సంచిని ఎవరు కాపాడాలి? బాధ్యత మాత్రం మా నెత్తిన పెట్టి, ఆ బాధ్యత నిర్వర్తించడానికి కాళ్ల కింద కాస్త నేల కూడా ఇవ్వకపోతే ఎలా?

ఇది కొత్త కథ కాదు. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో భన్వరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 'సాథిన్'. సాథిన్ అంటే స్నేహితురాలు. మేం అక్కలమైనట్టే ఆమె స్నేహితురాలు! ఆమెకూ ఇచ్చింది గౌరవ వేతనమే. బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆ పోరాటం నుంచే 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు, 2013లో పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చాయి. ఆ చట్టం జీతం తీసుకునేవాళ్లనే కాదు, తాత్కాలికంగా పనిచేసేవాళ్లనూ, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లనూ ఉద్యోగులుగానే గుర్తించింది. మన భుజం మీద చేయి పడినప్పుడు 'నేను వాలంటీర్‌ని కదా' అని ఊరుకోనక్కరలేదు. ఈ సంగతి మా నలుగురిలో ఒక్కరికీ తెలియదు. తెలిసినవాళ్లు చెప్పలేదు.

కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడం వెట్టిచాకిరీయేనని 1982లో ఆసియా క్రీడల కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆకలీ పేదరికమూ కూడా మనిషిని నిర్బంధించేవేనని చెప్పింది. అంగన్‌వాడీ అక్కలకు గ్రాట్యుటీ హక్కు ఉందనీ, వాళ్లకిచ్చే గౌరవ వేతనం ఆ చట్టం కింద వేతనమేననీ అదే కోర్టు 2022లో తేల్చింది. ఆ తీర్పు కోసం వాళ్లు ఎన్నేళ్లు కొట్లాడారో మనకు తెలుసు. మా శిబిరాలకు అలాంటి సంఘమూ లేదు. నెల గడిస్తే ఎవరి దారి వాళ్లది.

సేవను నేను తక్కువ చేయడం లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో ఎందరో జీతం లేకుండానే రాత్రి బడులు నడిపారు. ఆ బడుల్లో కూర్చున్న దూబగుంట ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. కానీ అక్కడ అక్షరాలు దిద్దినవాళ్ల దగ్గర ఎవరూ ఆరు వేలు వసూలు చేయలేదు. ఒకరి సేవను మరొకరు రొక్కంగా మార్చుకుంటే దాన్ని సేవ అనరు, దోపిడీ అంటారు.

అందుకే అడుగుతున్నాం. ప్రతి శిబిరంలో పనిచేసేవాళ్లకు పని గంటలు, వేతనం రాసి ఉన్న కాగితం ఇవ్వాలి. రాత్రి కాపలాను పనిగా లెక్కగట్టి, వంతులవారీగా వేయాలి. ఆడపిల్లలు పడుకునే చోటికి మగ సిబ్బంది ఏ వంకతోనూ రాకూడదు. హాల్లో 1098 నంబరు పిల్లలకు కనిపించేలా రాసిపెట్టాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువమంది ఉంటే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చని మొదటి రోజే చెప్పాలి. ఫిర్యాదు చేసినవాళ్ల డబ్బు ఆపితే అధికారులు నిలదీయాలి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. వచ్చే వేసవికి ఫీజు కట్టేముందు ఏమేం నేర్పుతారని మాత్రమే అడిగి ఊరుకోకండి. రాత్రి మా పిల్ల పక్కన పడుకునేది ఎవరు, ఆమెకు ఎంత ఇస్తున్నారు, తప్పు జరిగితే ఆమె నోరు విప్పగలదా అని కూడా అడగండి. ఆమె నోరు నొక్కిన చోట మీ పిల్ల మాట గడప దాటదు.

నాకు రావలసిన డబ్బు ఇంకా రాలేదు. వదిలిపెట్టను. అది నా కష్టార్జితం.