108 బండిలో ఇద్దరు మనుషులుంటారు

108 గురించి పత్రికల్లో వచ్చే వార్తలు ఎక్కువగా రెండే రకాలు. కొత్త బళ్లకు జెండా ఊపారని ఒకటి, బండి ఆలస్యంగా వచ్చిందని ఇంకొకటి. రెండూ బండి సంగతులే. బండిలో ఎవరుంటారు, ఏం చదువుకున్నారు, ఎన్ని గంటల నుంచి కన్ను మూయకుండా ఉన్నారు అని రాసిన వార్త నా కంటపడింది చాలా తక్కువ. నేను పాత చిత్తూరు జిల్లాలో 108 టెక్నీషియన్‌ని. చేరి పదేళ్లు పైబడింది. ముందు కూర్చుని బండి నడిపే ఆయన్ని మేం పైలట్ అంటాం. వెనక రోగి పక్కన కూర్చునేది నేను. బండికి మేమిద్దరమే.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈ సర్వీసు మొదలైంది. అంతకుముందు మా పల్లెల్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఆటో, పాలవ్యాను, అవీ దొరక్కపోతే నులకమంచం. ఆ రోజులు చూసిన పెద్దవాళ్లు మమ్మల్ని దేవుళ్లంటారు. వాళ్ల అభిమానానికి చేతులెత్తి దండం పెడతాను. అయితే దేవుడని పిలిచినవాణ్ణి నువ్వు ఎప్పుడు తిన్నావు, ఎప్పుడు పడుకున్నావు అని ఎవరూ అడగరు. ప్రభుత్వం కూడా అడగలేదు. నేను రాసేది ఆ ప్రశ్న గురించే.

మమ్మల్ని కొలిచే కొలత ఒకటే, నిమిషాలు. పట్టణంలో 15, పల్లెలో 20 నిమిషాల్లో చేరాలన్నది లక్ష్యం. న్యాయమైన లక్ష్యమే. గుండె ఆగిన మనిషికి ప్రతి నిమిషమూ ప్రాణమే. కానీ ఆ నిమిషాలు ఎక్కడ పోతున్నాయో చెప్పనివ్వండి. మా దగ్గర ఒకే పేరుకు ఎగువది ఒక ఊరు, దిగువది ఇంకో ఊరు. కొత్తపల్లెలకైతే లెక్కలేదు. భయంలో ఫోన్ చేసిన మనిషి 'కొత్తపల్లె, రచ్చమాను కాడ' అని చెప్పి పెట్టేస్తాడు. కుప్పం, నగరి, సత్యవేడు సరిహద్దుల్లో ఫోను పక్క రాష్ట్రం టవరును పట్టుకుంటే కాల్ బెంగళూరుకో చెన్నైకో పోతుంది, అక్కడా నంబరు 108నే కాబట్టి. తిరుపతిలో చిక్కు మరో రకం. మహారాష్ట్ర నుంచి వచ్చిన యాత్రికుడికి తాను లీలామహల్ సర్కిల్లో ఉన్నాడో, కపిలతీర్థం దారిలో ఉన్నాడో తెలియదు. దగ్గర్లో ఏముందని అడిగితే గుడి ఉందంటాడు.

జూన్, జులై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. సగం రోడ్డు వాటిదే. కాయ మెత్తబడుతుంటే గుండె చేతబట్టుకుని కూర్చున్న రైతు మా సైరన్ విని పక్కకు తీద్దామన్నా ఆయనకు చోటుండదు. పలమనేరు వైపు రాత్రిపూట ఏనుగులు రోడ్డెక్కితే అవి దాటేదాకా ఆగాల్సిందే. అంబులెన్సుకు దారివ్వని వాళ్లకు మోటారు వాహనాల చట్టం 194ఇ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 10 వేల రూపాయల జరిమానా ఉన్నాయి. 2019లోనే పెట్టారు. నా అనుభవంలో దారి ఇవ్వకూడదని ఇవ్వనివాళ్లు తక్కువ. ఎటు జరగాలో తెలియక కంగారుపడేవాళ్లే ఎక్కువ. ఎడమకు జరిగి ఆగండి, అంతే చాలు.

చేరాక అసలు పని మొదలవుతుంది. తిరుపతి లాడ్జీల మెట్లు ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగాల్సినంత ఇరుకు. మూడో అంతస్తులో ఛాతీనొప్పితో పడిపోయిన పెద్దమనిషిని నడిపించకూడదు, నడిస్తే గుండె మీద భారం పడుతుంది. నేనూ పైలటూ కుర్చీలో కూర్చోబెట్టి దించాలి. మామిడి తోపులో చెట్టు మీద నుంచి పడినవాణ్ణి వెన్ను కదలకుండా స్కూప్ స్ట్రెచర్ మీదికి ఎక్కించి, గట్ల మీదుగా మోసుకు రావాలి. ఈ పనిలో ఉన్న మాలో నడుము బాగున్నవాళ్లు తక్కువ. పైలట్ బండి నడపడమే కాదు, ఇవన్నీ మోస్తాడు. మోసిన చేతులతోనే మళ్లీ స్టీరింగ్ పడతాడు.

తలుపు పడ్డాక వెనక నేనొక్కణ్ణే. జనానికి తెలియాల్సింది ఈ భాగమే. గుండె ఆగితే ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా నొక్కాలి. 30 సార్లు నొక్కాక రెండు శ్వాసలు. ఆసుపత్రిలో అయితే రెండు నిమిషాలకోసారి మనిషి మారతాడు, ఎందుకంటే అంతకుమించి ఎవరి చేతుల్లోనూ బలం నిలవదు. నా బండిలో మారడానికి మనిషి లేడు. నొక్కేదీ నేనే, ఆక్సిజన్ బ్యాగ్ పిసికేదీ నేనే, నోట్లో కక్కు వస్తే సక్షన్ పెట్టేదీ నేనే, డాక్టర్ సలహా కోసం ఫోన్ చేసేదీ నేనే. ఇదంతా భాకరాపేట ఘాట్ మలుపుల్లో ఒక కాలు స్ట్రెచర్ చక్రానికి తన్నిపెట్టి చేయాలి. పక్కన తల్లి కూర్చుని 'రోంత బిన్నా పోనీ సామీ' అని పైలట్‌ను బతిమాలుతుంటుంది. పైలట్ వేగం పెంచితే నా చేయి జారుతుంది. తగ్గిస్తే ఆమె ఏడుస్తుంది. ఆ ఇద్దరి మధ్యా ఆయన ఎంత ఓర్పుతో నడుపుతాడో నేను చూశాను.

పాము కాటు కేసులు ఇంకో పరీక్ష. శెనగ చేలో రక్తపింజరి కరిస్తే వాపు, నెత్తురు కనిపిస్తాయి కాబట్టి ఇంటివాళ్లు తొందరపడతారు. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి అంతగా ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారేసరికి రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది. అప్పటికి మంత్రం వేయించడానికి తీసుకెళ్లి ఉంటారు. కాలికి గట్టిగా తాడు కట్టి ఉంటారు. ఆ తాడు రక్తాన్ని ఆపి కాలుకే ముప్పు తెస్తుందని చెప్పి ఒప్పించాలి, అదీ రోగి శ్వాస తగ్గిపోతున్నప్పుడు. ఇక ప్రసవాలు. దారిలో బిడ్డ పుట్టి ఏడ్చిన క్షణం ఈ ఉద్యోగంలో నాకు దొరికే సంతోషం. ఆ సంతోషమే లేకపోతే మాలో సగం మంది ఎప్పుడో మానేసేవాళ్లం.

మేం వెళ్లేసరికి ప్రాణం పోయిన ఇళ్లుంటాయి. ఈ మాట రాయడం కష్టం. ఒళ్లు చల్లబడి ఉంటుంది, బిగుసుకుని ఉంటుంది. మాకు తెలుస్తుంది. కానీ చనిపోయాడని ప్రకటించే అధికారం టెక్నీషియన్‌కు లేదు, డాక్టరుకే ఉంది. ఇంటివాళ్లు కాళ్లు పట్టుకుంటారు. 'నాయనా, ఊపిరుంది, తీసకపో' అంటుంది ముసలమ్మ. వాకిట్లో ఊరంతా నిలబడి ఉంటుంది. తీసుకెళ్లనంటే మనిషివేనా అంటారు. తీసుకెళితే ఆ సమయంలో పక్క ఊళ్లో బతికున్న రోగికి బండి లేదు. ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు రాసి లేదు. అలాంటి ఇళ్లలో మమ్మల్ని కొట్టినవాళ్లున్నారు, చొక్కా పట్టుకున్నవాళ్లున్నారు. దుఃఖంలో ఉన్నవాళ్ల మీద కేసు పెట్టమని నేను ఎన్నడూ అడగను. అలాంటి ఇంటి నుంచి బయటికి వచ్చిన ఇద్దరు మనుషులకు కాసేపు కూర్చుని మాట్లాడుకునే వీలివ్వాలని మాత్రం అడుగుతున్నాను. ఇప్పుడు దొరికేది వెంటనే మరో కేసు. చొక్కా మీద నెత్తురు ఆరక ముందే పోయినవాళ్లం ఉన్నాం.

పెద్ద ప్రమాదాల్లో పరిస్థితి ఎలా ఉంటుందో ఈ జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2022 మార్చి 26 రాత్రి భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి బయల్దేరిన బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరు 13న మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొని 30 మందికి పైగా గాయపడ్డారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. రోడ్డు మీదే పోలీసులు, జనం సీపీఆర్ చేయడం అందరూ టీవీల్లో చూశారు. ఇలాంటి చోటికి మొదట చేరిన బండిలో ఉండేది ఇద్దరే. పదుల మంది పడి ఉంటారు. అరిచేవాడికి కనీసం ఊపిరి ఆడుతోందని అర్థం, కాబట్టి మేం ముందు అరవనివాడి దగ్గరికి పోవాలి. మా శిక్షణ అదే చెబుతుంది. కానీ కాలు విరిగి ఏడుస్తున్న పిల్లను దాటుకుని పోతుంటే ఆ తండ్రి చూసే చూపు ఎలా ఉంటుందో శిక్షణలో ఎవరూ చెప్పరు.

ఆసుపత్రికి చేరితే పని అయిపోయిందనుకుంటారు. ఒక పెద్దాసుపత్రి గుమ్మంలో మా స్ట్రెచర్ మీదే రోగిని ఉంచుకుని గంట దాటి నిలబడిన రాత్రులున్నాయి. లోపల బెడ్ ఖాళీ లేదు, స్ట్రెచర్ లేదు. వాళ్లనూ తప్పుపట్టలేను, లోపల డ్యూటీలో ఉన్నవాళ్లు మాకంటే అలసి ఉన్నారు. కానీ మా స్ట్రెచర్ తిరిగి రాకపోతే బండి కదలదు. పత్రికల్లో 'బండి ఆలస్యం' అని వచ్చే వార్తల్లో కొన్ని ఈ గుమ్మం దగ్గరే మొదలవుతాయి. పట్టణంలో 15, పల్లెలో 20 అని మాకు నిమిషాలు లెక్కకట్టినట్టే, అప్పగింతకు పట్టే నిమిషాలనూ లెక్కకట్టి బయటపెడితే సగం సమస్య అధికారులకే కనిపిస్తుంది.

2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రి నుంచి ఒక తండ్రి కొడుకు మృతదేహాన్ని బైక్ మీద 90 కిలోమీటర్లు తీసుకెళ్లాల్సి వచ్చింది, ప్రైవేటు అంబులెన్సుల వాళ్లు అడిగినంత ఇచ్చుకోలేక. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఆ తర్వాత చాలా రోజులు 'అంబులెన్సోళ్లు' అన్న తిట్టు మేమూ పడ్డాం. 108 మృతదేహాలను తీసుకెళ్లదు, అందుకు మహాప్రస్థానం బళ్లు వేరే ఉన్నాయి. మా బండిలో ఎవరూ రూపాయి ఇవ్వక్కర్లేదు.

ఇక పని గంటలు. మా డ్యూటీ 12 గంటలు. చివరి కేసు దూరమైతే అది 13, 14 అవుతుంది. కిరాయికి ప్రయాణికుల్ని, సరుకుని తీసుకెళ్లే బళ్ల కార్మికులు రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు మించి పనిచేయకూడదని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టంలో రాశారు, దూరప్రయాణాలకు కొంత వెసులుబాటుతో. టమాటా లారీ నడిపే మనిషికి అవసరమని 1961లో ఒప్పుకున్న విశ్రాంతి, గుండెపోటు రోగిని ఎక్కించుకుని ఘాట్ దిగే మనిషికి అవసరం లేదా? ప్రభుత్వాసుపత్రిలో నర్సమ్మలకు మూడు షిఫ్టులుంటాయి. అదే రోగి అక్కడికి చేరేముందు మా చేతుల్లో ఉన్నప్పుడు మాత్రం రెండు షిఫ్టులు చాలని ఎలా అనుకున్నారు?

నేను చేరినప్పటి నుంచి సర్వీసు నడిపే సంస్థ పదే పదే మారింది. ప్రతిసారీ చొక్కా మీద పేరు మారుతుంది, బండి రంగు మారుతుంది. సర్వీసు లెక్క ఎక్కడి నుంచి మొదలుపెడతారో, పాత పీఎఫ్ ఏమవుతుందో అని ప్రతిసారీ ఇంట్లో భయం. 2020 జులై 1న 1,088 వాహనాలను ఒకేసారి ప్రారంభించిన రోజున, సర్వీసును బట్టి టెక్నీషియన్లకు 30 వేల వరకు, పైలట్లకు 28 వేల వరకు జీతం ఇస్తామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. అనుభవానికి విలువ ఉందని ఒప్పుకున్న మంచి మాట అది. అయితే టెండరుతో సంస్థ మారే పనిలో అనుభవాన్ని లెక్కపెట్టి దాచేది ఎవరు?

సర్వీసు చేతులు మారితే మనుషులేమవుతారో చెప్పే చరిత్ర ఒకటుంది. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో 1967లో ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్స్ సర్వీసు మొదలైంది. అప్పటిదాకా అక్కడ రోగుల్ని పోలీసు వ్యాన్లలో ఎక్కించుకుని పోయేవాళ్లు. సీపీఆర్‌కు రూపమిచ్చినవారిలో ఒకరైన డాక్టర్ పీటర్ సఫార్, నల్లవాళ్ల పేటలో ఉద్యోగాల్లేని యువకులకు వందల గంటల శిక్షణ ఇచ్చాడు. దారిలోనే వైద్యం చేసే పద్ధతికి ఆ దేశంలో బాట వేసినవాళ్లలో వాళ్లున్నారు. 1975లో నగర పాలక సంస్థ సర్వీసును తన చేతిలోకి తీసుకుంది. పద్ధతి ఉంచుకుంది, వాళ్లలో ఎక్కువమందిని నిలుపుకోలేదు. ఆ చరిత్ర చదివినప్పుడు మా వాళ్ల ముఖాలే కనిపించాయి.

2021లో పార్లమెంటు చేసిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ అనే వృత్తికి చోటిచ్చారు. ఆ చోటు కాగితం మీద నుంచి మా బండిలోకి రావాలి. సంస్థ ఏదైనా కానీ, ప్రతి టెక్నీషియన్, పైలట్ సర్వీసు రికార్డు వైద్య ఆరోగ్య శాఖ దగ్గరే ఉండాలి. హెపటైటిస్ టీకా ఎవరికి పడింది, ఎవరికి సూది గుచ్చుకుంది, ఎవరు ఏ శిక్షణ పొందారు, అన్నీ అందులో ఉండాలి.

చదివేవాళ్లను అడిగేది చిన్నది. 108కి ఫోన్ చేశాక ఫోన్ పెట్టేయకండి, ఊరి పేరుతో పాటు మండలం చెప్పండి. రాత్రి అయితే ఒకరు టార్చి పట్టుకుని రోడ్డు దగ్గరికి రండి. ప్రమాదంలో సాయం చేసినవాళ్లను పోలీసు కేసులతో ఇబ్బంది పెట్టకూడదని చట్టంలో 2019 నుంచి 134ఎ సెక్షన్ ఉంది, భయపడకుండా స్ట్రెచర్‌కు ఒక చెయ్యి వేయండి.

ఈ జిల్లాల ఎమ్మెల్యేలను, మంత్రులను అడిగేది పెద్దది. ప్రతి బండికి మూడో జట్టును ఇచ్చి 8 గంటల డ్యూటీ పెట్టండి. రాత్రి వెనక రెండో టెక్నీషియన్ను ఇవ్వండి. రాష్ట్రమంతా ఒకేసారి చేయడానికి డబ్బు లేదంటే భాకరాపేట, మొగిలి ఘాట్ల పక్కనున్న బళ్లతో, ఈ ఏడాదే మొదలుపెట్టండి.