మొదటి ఆటకే తీర్పు తగదు



పెద్ద ప్రయత్నమని పేరుపడిన చిత్రమేదైనను విడుదలైన నాడు, మాట్నీ వదలిపెట్టు వేళకే ‘పోయింది’ అన్న మాట హాలు గేటు దాటి, ఫోనులకెక్కి, మా బిచ్కుంద వంటి సరిహద్దు ఊళ్లకు సైతము పొద్దుగూకక ముందే చేరుచున్న ఈ దినములలో, ఆ మాట విని టికెట్టు కొనుట మానుకొనువారును, ఆ మాటనే మరునాడు అచ్చువేయు పత్రికలును కలసి మన సినిమాకు చేయుచున్న అపకారమును గూర్చి వ్రాయదలచితిని. ఖర్చులో పెద్దదైన చిత్రము వేరు, తలపెట్టిన పనిలో పెద్దదైన చిత్రము వేరు. మొదటిదానికి ప్రేక్షకుడు టికెట్టు వెల తప్ప మరేమియు బాకీపడడు. రెండవదానికి, అది నడుమ తడబడినను సరే, తొందరపడని విచారణ బాకీపడును. ఈ భేదమును పాటింపక రెంటిని ‘ఫ్లాపు’ అను ఒకే గంపలో పడవేయుట అన్యాయమని నా వాదము.

ఇది నిన్న మొన్న పుట్టిన చిక్కు కాదు. ‘పాతాళభైరవి’తో తెలుగువారినందరిని సమ్మోహితులను గావించిన విజయా సంస్థ 1954లో ‘చంద్రహారం’ తీసెను. నాయకుడు ఎన్.టి. రామారావు, సంగీతము ఘంటసాల, కన్నులు చెదరు సెట్టింగులు. అయినను జనము దానిని ఒప్పుకొనలేదు. మరుసటి సంవత్సరము అదే సంస్థ ఆ ఆర్భాటమంతయు ప్రక్కకు నెట్టి, పొట్టకూటికై మొగుడు పెండ్లాలమని అబద్ధమాడిన ఇద్దరు పంతుళ్ల కథను ‘మిస్సమ్మ’గా తీయగా, అది నేటికిని ఇంటింట చూచు చిత్రమైనది. ఈ రెండు చిత్రములను చూపి, జనమే సరియైన న్యాయాధిపతి అనువారు కలరు. ‘చంద్రహారం’ మట్టుకు నేనును వారితో ఏకీభవింతును. కాని ఆ 1955లోనే బి.ఎన్. రెడ్డిగారి ‘బంగారు పాప’ కూడ వచ్చెను. జార్జ్ ఎలియట్ వ్రాసిన ‘సైలాస్ మార్నర్’ అను ఆంగ్ల నవలను ఆధారముగా గైకొని, పాలగుమ్మి పద్మరాజుగారి కలమునకు అప్పగించి, యువతీయువకుల ప్రణయమును ఒక ఓరకు జరిపి, లోకముపై కసి పెంచుకొన్న ఒక మొరటు మనిషి చేతికందిన పసిబిడ్డ వలన తిరిగి మనిషియగుటను కథకు నట్టనడుమ నిలిపి, ఆ భారమంతయు ఎస్.వి. రంగారావుగారి భుజములపై మోపిన చిత్రమది. దానికి రాష్ట్రపతి రజత పతకము వచ్చెను. పెట్టినవారికి డబ్బు రాలేదు. వ్యాపారపు లెక్కల పుస్తకములో ‘చంద్రహారం’, ‘బంగారు పాప’ రెండును నష్టపు పద్దులే కావచ్చును. చూచువాని లెక్క కూడ అదేయైన పక్షమున, చూచుటకును పద్దు వ్రాయుటకును భేదమేమున్నది?

అట్టి త్రోవనే తొక్కిన దర్శకులు ఆదుర్తి సుబ్బారావుగారును, నటులు అక్కినేని నాగేశ్వరరావుగారును అప్పటికే కావలసినంత విజయము చూచినవారు. తాము సంపాదించినదానిలో కొంత మంచి చిత్రములపై వెచ్చింపవలెనని చక్రవర్తి చిత్ర అను సంస్థను స్థాపించి ‘సుడిగుండాలు’ తీసిరి. తన చిన్న కొడుకును చంపిన యువకుల పక్షమున, న్యాయమూర్తి పదవిని వదలుకొని, ఆ తండ్రియే వాదించుట అందలి కథ. పాటలకును ద్వంద్వ యుద్ధములకును అలవాటుపడిన ప్రేక్షకుని ఎదుట ఇట్టి ప్రశ్న పెట్టుట ఎంతటి సాహసమో తలచుకొన్న నేటికిని నాకు ఒడలు పులకరించును. పురస్కారములు దక్కినవి, హాళ్లు నిండలేదు. అయినను వారు వెనుదీయక ‘మరో ప్రపంచం’ తీసిరి, అదియు నిలువలేదు. అటుపిమ్మట ఆ త్రోవ తొక్కు పెద్ద నటుడు మరియొకడు చాల కాలము కానరాకపోవుటకు కారణమును వేరుగ వెదుకనక్కరలేదు.

ఇక మన కాలపు సంగతి. త్రివిక్రమ్ శ్రీనివాస్‌గారి ‘ఖలేజా’ 2010 అక్టోబరులో విడుదలైనప్పుడు జనము అంతకు ఐదేండ్ల క్రిందట ఆయనే తీసిన ‘అతడు’ వంటి చిత్రమును ఆశించి వెళ్లిరి. వారికి కనబడినది కారు నడిపి పొట్టపోసుకొను ఒక వాగుడుకాయ. తెలియని రోగముతో జనము రాలిపోవుచున్న ఒక మారుమూల పల్లెవారు అతనినే తమ దేవుడని నమ్మి మ్రొక్కుచుండగా, తాను దేవుడను కానని అతడు గింజుకొనుచుండుట కథ. దైవమనునది ఎదుటివాని ఆపదలో మనిషి చేయు పనియందే ఉన్నదను మాటను, ఎడతెగని హాస్యము నడుమ, ఒక మాస్ కథానాయకుని నోట పలికించుట చిన్న ప్రయత్నము కాదు. నాడు పెదవి విరిచిన చిత్రమునే 2025 మే నెలాఖరున తిరిగి విడుదల చేయగా హాళ్లు కిటకిటలాడెను. అందు అభిమానుల వేడుక కొంత ఉండవచ్చును. కాని పదునైదేండ్లపాటు ఇండ్లలో టీవీ ముందు కూర్చుండి ఆ సంభాషణలను కంఠస్థము చేసినవారు అభిమానులు మాత్రమే కారు.

2014 సంక్రాంతికి వచ్చిన సుకుమార్‌గారి ‘1: నేనొక్కడినే’ గతి మరింత శోచనీయము. మెదడులో నాలుగవ వంతు పదార్థము కొరవడి, కనబడునది నిజమో తన భ్రమయో తేల్చుకొనలేని మనిషిని నాయకునిగా నిలిపి, అతని కన్నులతోనే మనకును కథ చూపి, తన తల్లిదండ్రులెవరో తెలియక వెదకుకొనుటను అపరాధపరిశోధనముగా నడిపిన చిత్రమది. లండనులో జరుగు భాగము సాగినదని నేనును అందును, ప్రతినాయకుల పథకము తేలిపోయినదనియు అందును. అయినను, ఒక మనిషిని తాను చంపితినని నాయకుడు పోలీసుల ఎదుట ఒప్పుకొనుటయు, అట్టి హత్యయే జరుగలేదని తేలుటయు చూచినప్పుడు, తెర మీది బొమ్మను నమ్ముటయే అలవాటైన ప్రేక్షకుని కాళ్లక్రింది నేల కదలినది. ఆ కదలికకు అలవాటుపడు వ్యవధి కూడ ఈయక, నాలుగు దినములలోనే ‘అర్థము కాలేదు’ అను కేకలు లేచుటయు, నిర్మాతలు బెదరి నిడివిని కత్తిరించుటయు జరిగినవి. దర్శకుని లోపములను దిద్దవలసిన కత్తెర ప్రేక్షకుల తొందరను మెప్పించుటకు ఆడినది.

చిన్న ఊళ్లవారికి ఓపిక లేదు, వారికి పాటలును ఫైటులును చాలునని సినిమావారు తరచుగా అందురు. ఈ మాట మాకు గిట్టదు. మా బిచ్కుంద మూడు భాషలు కలిసెడి చోటు; ఒకవైపు దెగ్లూరు, మరియొకవైపు బీదరు సీమ; మా ఇండ్లలో మరాఠీ తెలిసినవారు పెక్కుమంది. 2016లో నాగరాజ్ మంజుళే తీసిన మరాఠీ చిత్రము ‘సైరాట్’ను మావారు విరగబడి చూచిరి. అందు పూర్వార్ధమంతయు ఆటపాటలే. పల్లె విడిచి పారిపోయిన ఆ జంట హైదరాబాదు చేరిన పిమ్మట పాట ఆగిపోవును, కథ మందగించును, ఇరుకు గుడిసెలో పోట్లాటలును, కూలిపనులును, అపనమ్మకములును మిగులును. కడపటి ఘట్టములో సంగీతమే లేదు. నెత్తుటిలో తడిసిన చిన్నారి పాదముల ముద్రలు, ఆ తరువాత నిశ్శబ్దము. మన హాళ్లలో ‘సెకండు హాఫు ల్యాగు’ అని ఈసడించు లక్షణములన్నియు అందున్నవి. అయినను మహారాష్ట్రమంతయు ఆ చిత్రమును నెత్తిన పెట్టుకొనెను, మా ఊరివారును కన్నీరు తుడుచుకొనుచు చూచిరి. ఓపిక మాకు లేకపోలేదు. మా ఓపికను నమ్మి తెలుగున తీసిన చిత్రములు మా దాక రాకపోవుటయే లోపము.

ఉదాహరణకు ‘దాసి’. 1988 సంవత్సరపు జాతీయ పురస్కారములలో ఐదింటిని గెలిచిన చిత్రము, బి. నర్సింగరావుగారు తీసినది, వైకుంఠంగారు కళాదర్శకులు. దొరసానితో పాటు దొర కోటయైన గడిలోనికి దాసిగా వచ్చిన కమలాక్షి అను ఆడపాప జీవితము అందలి కథ. అర్చన ఆ పాత్రలో పెద్దగా మాటలాడదు. పిలుపు వినబడగానే చేతిలోని పని విడిచి లేచుట, వంచిన తల ఎత్తకుండ నిలుచుట, కడుపున పడిన బిడ్డను కూడ దొరల ఆజ్ఞకు వదలుకొనవలసివచ్చుట: ఇంతే. దోమకొండ కోట గల జిల్లా మాది. గడి అన్నమాట వినగానే ముసలివారి గొంతు తగ్గిపోవు సీమ మాది. ఆ చిత్రము ఎవరిని గూర్చి తీసిరో వారి ఊళ్ల హాళ్లలో అది ఆడగా నేను చూడలేదు. దానిని మాకు చూపిన దూరదర్శనుకు ఋణపడి ఉన్నాము. జనము తిరస్కరించిరనుటకు ముందు జనము ఎదుట పెట్టవలెను గదా!

డబ్బు పోసినంత మాత్రమున మన్ననకు అర్హత రాదని తిరిగి చెప్పవలసియున్నది. 2023లో వచ్చిన ‘ఆదిపురుష్’లో హనుమంతుని నోట వీధి భాష పలికించి, జనము మండిపడగానే ఆ సంభాషణలను మార్చిరి. వందల కోట్లు వెచ్చించి రామకథ తీయువారు వ్రాతపై పెట్టవలసిన శ్రద్ధ పెట్టలేదు. అట్టి చిత్రమును మొదటి ఆటకే త్రోసిపుచ్చినను నాకు చింత లేదు.

మరి క్రొత్త త్రోవ తొక్కిన చిత్రమునకు వ్యవధి ఇచ్చిన ఫలమెట్టిదో చూడుడు. శంకరశాస్త్రిగా జె.వి. సోమయాజులుగారు నటించిన ‘శంకరాభరణం’ 1980లో విడుదలైన తొలి దినములలో హాళ్లు వెలవెలబోయినవి. నోటినోట మాట వ్యాపించి, మెల్లగా జనము కదలి, అటుపై నెలల తరబడి ఆడినది. నాడు ఆ మాట వ్యాపించువరకు హాలువారు బొమ్మను ఎత్తివేయలేదు. నేడు సోమవారము నాటికి ఆటలు తగ్గిపోవును.

కావున సంపాదకులవారికి నా మనవి. శుక్రవారపు సమీక్షను మానుకొనుమని కోరను. అది మీ వృత్తిధర్మము. కాని ఏ చిత్రమైతే క్రొత్త త్రోవ తొక్కినదని మీ సమీక్షకునకే తోచునో, దానికి ఐదారు వారముల పిమ్మట మరియొకరిచేత రెండవ సమీక్ష వ్రాయించి, మొదటిదానికి ఇచ్చిన చోటనే అచ్చువేయుడు. అంతవరకు దానిని కలెక్షన్ల పట్టికలోని అంకెగా చూపకుడు. మా జిల్లా హాళ్ల యజమానులను కూడ కోరునదేమనగా, అట్టి చిత్రమునకు రెండవ వారమునను దినమునకు ఒక్క ఆటయైనను ఉంచుడు, అది ఉదయపు ఆటయైనను సరే. మా ఊరినుండి బస్సెక్కి వచ్చి చూచువారము ఉన్నాము.

భవదీయుడు,
ఒక సినిమా ప్రేక్షకుడు,
బిచ్కుంద, కామారెడ్డి జిల్లా.