బ్రహ్మదండి తెలుసా?

మాదాపూర్, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో ఏ పిల్లవాణ్ణడిగినా హ్యారీ పోటర్ ఏ హౌసో ఠక్కున చెప్తాడు. బ్రహ్మదండి మాంత్రికుడు ఎవరంటే మాత్రం అమ్మానాన్నల మొహాలు చూస్తాడు. వాళ్లలోనూ సగం మందివి నేలచూపులే!

ఈ సెలవుల సంచికలో పిల్లలకు నా సిఫార్సు ఒక్కటే: ఆ బ్రహ్మదండి ఉన్న కథ, దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘రాకాసిలోయ’. 1960లలో చందమామలో నెలనెలా వచ్చిన సీరియల్. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఆయన ఇలాంటివి 12 రాశారు. పత్రికలో మాత్రం ఆయన పేరు వేసేవారు కాదు. అందుకే బొమ్మలేసిన ‘చిత్ర’ సంతకం గుర్తున్నంతగా కథ రాసినాయన పేరు చాలామందికి తెలియదు.

మన వీరులు కేశవుడు, జయమల్లు అడవి దారి పట్టాక కథ ఊపిరి తీసుకోనివ్వదు. ప్రమాదం మీదికి దూకే చోటే భాగం ఆగిపోతుంది. నెల రోజులు గిలగిల్లాడే బాధ ఇప్పుడు లేదు, పేజీ తిప్పితే చాలు. వాక్యాలు పొట్టివి, తెలుగు తేట. సాహసమంతా మగపిల్లలదే కావడం ఒక్కటే నాకు వెలితి. అన్నట్టు, నాకు వీరులకంటే ఆ మాంత్రికుడే ఇష్టం.

మీ పిల్లలకు తెలుగు చదవడం రాదా? రాత్రి ఆఫీసు కాల్స్ కాసేపు పక్కనపెట్టి, రోజుకో భాగం మీరే చదివి వినిపించండి.