దవాఖానకొచ్చిన ఆడబిడ్డను తిప్పి పంపొద్దు!

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల ఆశా అక్కలకు, ఏఎన్‌ఎంలకు, స్టాఫ్‌నర్సులకు, డాక్టర్లకు, ఊరూరి అక్కచెల్లెళ్లకు విజ్ఞప్తి



ఓపీ చీటీ పట్టుకుని ఒకామె వరుసలో నిలబడుతుంది. తన వంతు రాగానే, "రెండు నెలలు దాటింది మేడమ్, ఇప్పుడు మాకు వద్దు" అని గొంతు తగ్గించి చెప్తుంది. జవాబు మాత్రం వరుసంతా వినబడేలా వస్తుంది: "మీ ఆయనేడి? సంతకం పెడతాడా? ఇద్దరు పిల్లలున్నారు కదా, ఆపరేషన్ చేయించుకుంటానంటేనే తీస్తాం." వెనకున్నవాళ్లు తొంగి చూస్తారు. ఆమె చీటీ మడుచుకుని బయటికి నడుస్తుంది. బస్టాండు పక్కన మందుల షాపులో పేపర్లో చుట్టి ఇచ్చిన గోళీలు కొనుక్కుంటుంది, లేదంటే ఆర్‌ఎంపీ ఇంటికి పోతుంది. ఎన్ని వేసుకోవాలో, నెత్తురు ఎంత పోతే ప్రమాదమో చెప్పేవాళ్లుండరు.

మన దగ్గర ఇది తెలియని ఊరు లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 27 గర్భస్రావాలు ఆడవాళ్లు ఇంటి దగ్గర తమంతట తాము చేసుకున్నవే. సరైన వారంలో, సరైన మోతాదులో, ఏదైనా తేడా వస్తే చూసే దవాఖాన అందుబాటులో ఉంటే ఆ గోళీలు సురక్షితమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. మన ఆడబిడ్డలకు దొరకనిది ఆ సలహా, ఆ అండ. దవాఖానలో పడ్డ మాటకు భయపడి, నెత్తురు ఆగకపోయినా మళ్లీ గడప తొక్కరు. ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే.

చట్టం ఏం చెప్తున్నది?

గర్భస్రావ చట్టం 1971లో వచ్చింది. 2021 సెప్టెంబరు 24 నుంచి సవరణలు అమల్లో ఉన్నాయి.

● 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. తల్లి ప్రాణానికి ముప్పు ఉన్నా, ఒంటికి గానీ మనసుకు గానీ తీవ్ర హాని ఉన్నా, బిడ్డకు తీవ్ర లోపం ఉన్నా గర్భం తీయవచ్చు. కుటుంబ నియంత్రణ పద్ధతి విఫలమై వచ్చిన గర్భాన్ని కూడా మనసుకు తీవ్ర హానిగానే చట్టం లెక్కిస్తుంది. పెళ్లయిందా లేదా అన్న తేడా లేదు.

● అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినవారు, విడాకులైనవారు, వికలాంగులు వంటివారికి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల వరకు వీలుంది.

● 18 ఏళ్లు నిండిన స్త్రీకి తన సంతకమే చాలు. భర్త సంతకం, అత్తమామల అనుమతి చట్టంలో లేవు. మైనర్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి మాత్రమే సంరక్షకుల సంతకం కావాలి.

● ఆమె పేరు, వివరాలు బయటపెడితే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు మరింత తేటగా చెప్పింది: 24 వారాల వరకున్న వెసులుబాటు పెళ్లికాని స్త్రీకీ వర్తిస్తుంది, చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదు. మైనర్ విషయంలో పోక్సో కింద పోలీసులకు సమాచారం ఇవ్వాల్సిందే. అయితే ఆ పిల్ల, సంరక్షకులు కోరితే పేరు చెప్పనవసరం లేదు.

ఇంత రాసి ఉన్నా మొగుడి సంతకం అడుగుతున్నారు. పాలమూరు లేబర్ బొంబాయిలోనో పుణేలోనో మేస్త్రీ కింద పని చేస్తుంటే, ఆ సంతకం ఎక్కడి నుంచి తేవాలి? ఆపరేషన్ షరతు కూడా అంతే. పిల్లలు పుట్టకుండా ఏ పద్ధతి వాడాలో నచ్చజెప్పవచ్చు, దానికీ దీనికీ ముడిపెట్టకూడదు.

ఆరోగ్య సిబ్బందికి ఒక మాట

మీ కష్టం మాకు తెలుసు. ఊళ్లు ఎక్కువ, రిజిస్టర్లు ఎక్కువ, జీతాలు తక్కువ. ఏదైనా జరిగితే మాట పడేదీ మీరే. మీ భయానికీ కారణం ఉంది. దేవరకొండ, చందంపేట తండాల్లో ఆడపిల్లల అమ్మకాల గోడు ఈ గడ్డ మరువలేదు. స్కానింగ్ సెంటర్ల మీద దాడులప్పుడు అబార్షన్ మాటెత్తడానికే దడ పుడుతుంది. కానీ లింగ నిర్ధారణకు, గర్భస్రావానికి వేర్వేరు చట్టాలున్నాయి. కడుపులో బిడ్డ ఆడా మగా అని చూడటం, చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. చట్టబద్ధంగా గర్భం తీయడం వైద్యం. నేరాన్ని పట్టుకోవాల్సింది స్కానింగ్ గదిలో. ఎనిమిది వారాల గర్భంతో వచ్చిన తల్లిని అనుమానించి ఏ ఆడపిల్లనూ కాపాడలేం.

మీరు తిప్పి పంపడంతో పోయే ప్రతి వారమూ ఆమె కడుపులో మరో వారం పెరిగినట్టే. తొమ్మిది వారాల లోపైతే గోళీలతో అయ్యే పని. శిక్షణ పొందిన డాక్టరు ఉంటే పీహెచ్‌సీలోనే జరుగుతుంది. అమ్రాబాద్ చెంచుపెంట నుంచి పీహెచ్‌సీకి, అక్కడి నుంచి ఏరియా దవాఖానకు, ఆపై జిల్లా కేంద్రానికి తిరిగేసరికి కూలి పోతుంది, చార్జీలు పోతాయి, వారాలు మీరిపోతాయి, ప్రమాదం పెరుగుతుంది.

దక్షిణాఫ్రికాలో 1997లో కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు చాలామంది నర్సులు ఇలాగే వెనుకాడారు. అక్కడ సిబ్బందిని కూర్చోబెట్టి, వాళ్ల నమ్మకాలను, అనుమానాలను వాళ్ల నోటనే చెప్పించి, చర్చించే శిక్షణలు పెట్టారు. 2002లో చట్టం మార్చుకున్న నేపాల్‌లో ఇప్పుడు శిక్షణ పొందిన ఏఎన్‌ఎంలే తొలి వారాల్లో గోళీలు ఇస్తున్నారు. వాళ్లూ మీలాంటి పల్లెటూరి అక్కలే.

మీ నమ్మకం మీది, దాన్ని మేం కాదనం. కౌంటర్ దగ్గర ఆమెను నిలదీయకండి. పక్కకు పిలిచి, "ఎన్ని వారాలైంది అక్కా? భయపడకు" అని అడగండి.

మా డిమాండ్లు

1. గర్భస్రావ సేవలు ఏ దవాఖానల్లో, ఏ రోజుల్లో దొరుకుతాయో ప్రతి పీహెచ్‌సీ గోడ మీద తెలుగులో రాయాలి. తండాల్లో లంబాడీలో చెప్పించాలి.
2. భర్త సంతకం, ఆపరేషన్ షరతు పెట్టొద్దని జిల్లా వైద్యాధికారులు రాతపూర్వకంగా ఆదేశించాలి.
3. పీహెచ్‌సీ డాక్టర్లకు గర్భస్రావ శిక్షణ ఇవ్వాలి. నర్సులు, ఏఎన్‌ఎంలు, ఆశాలతో చట్టంపై, వైఖరిపై చర్చలు జరపాలి.
4. మాట్లాడటానికి చాటైన గది ఉండాలి. నొప్పి తగ్గించే మందు తప్పక ఇవ్వాలి.
5. బయట గోళీలు వేసుకుని నెత్తురు పోతూ వచ్చినవారికి ముందు వైద్యం చేయాలి. ప్రశ్నలు తర్వాత.

అక్కచెల్లెళ్లారా! నెల తప్పితే ఆలస్యం చేయకండి. గోళీల తర్వాత వరుసగా రెండు గంటలు గంటకు రెండు ప్యాడ్లు తడిసినా, జ్వరం తగ్గకపోయినా, కడుపునొప్పి భరించలేకున్నా, దుర్వాసన వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎవరైనా తిప్పి పంపితే తేదీ, దవాఖాన, చెప్పిన కారణం రాసి పెట్టుకోండి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. మీ మండలంలో ఈ సేవలు ఎక్కడున్నాయో సమాచార హక్కు చట్టం కింద అడగండి. మహిళా సంఘం మీటింగులో, గ్రామసభలో ఈ కరపత్రం చదివి వినిపించండి.

సంతకం ఆమెది! నిర్ణయం ఆమెది!
సర్కారు దవాఖానలో సురక్షిత గర్భస్రావం మా హక్కు!

— నల్లగొండ, పాలమూరు ఆడబిడ్డలు