ట్రంకుపెట్టెలోని మెమోలు

మా ఆపా వివాహం డిగ్రీ మూడవ సంవత్సరం పరీక్షలకు రెండు నెలల ముందు జరిగింది. "పరీక్షలకేమి, తరువాతయినా వ్రాయవచ్చును" అన్నారు పెద్దలు. నేనూ తలూపాను. ఆ 'తరువాత' రావడానికి పదిహేడేళ్లు పట్టింది.

బావగారు గల్ఫ్ నుండి అనారోగ్యంతో తిరిగి వచ్చాక ఆమె టీచరు జీతమే ఇంటికి ఆధారమయింది. డిగ్రీ లేనివారికి పై తరగతులు ఇవ్వలేమన్నది పాఠశాల. బి.ఎడ్. చేద్దామన్నా ముందు డిగ్రీ కావాలి. అప్పుడు ట్రంకుపెట్టె తెరిచి పాత మెమోలు తీశాము.

ఇటువంటివారు మొదట చదివిన విశ్వవిద్యాలయంలోనే విచారించడం మేలు. పాత బ్యాచీలవారు మిగిలిన సబ్జెక్టులు వ్రాసుకొనేందుకు ఉస్మానియా వంటివి ఒక్కొక్కప్పుడు ప్రత్యేక అవకాశమిస్తాయి. ఆపాకు ఆ దారి దొరకలేదు. రెండేళ్ల చదువు లెక్కలోనికి రాక, సార్వత్రిక విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం నుండి చేరవలసివచ్చింది. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

హైదరాబాదులోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో స్థాపితమయింది; దేశంలో ఆ తరహా విశ్వవిద్యాలయాలలో అదే మొదటిది. ఇగ్నోలో మూడేళ్ల బి.ఏ.ను ఆరేళ్లలోగా పూర్తిచేయవచ్చు. దూరవిద్య డిగ్రీకి విలువ లేదనేవారు నేటికీ ఉన్నారు. గుర్తింపు పొందిన సంస్థలిచ్చే దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమేనని యు.జి.సి. 2022లో స్పష్టం చేసింది. అయితే 'ఒకే యేట డిగ్రీ' అంటూ డబ్బులడిగే ఏజెంట్ల గడప తొక్కకండి. రుసుము కట్టేముందు ఆ కోర్సుకు యు.జి.సి. అనుమతి ఉన్నదీ లేనిదీ చూసుకోండి.

మన ఇళ్లలో మరొక చిక్కు పేర్లది. టెన్త్ మెమోలో 'షేక్', ఆధార్‌లో 'షేఖ్'. ఒకచోట 'బేగం', మరొకచోట 'సుల్తానా'. ఇవి ముందే సరిచేయించుకోకపోతే దరఖాస్తు దగ్గరే ఆగిపోతాము.

రుసుముకన్నా కష్టమైనది ఆదివారం. తరగతులు ఆనాడే, ఇంటికి చుట్టాలు వచ్చేదీ ఆనాడే. "మా ఆయన ఒప్పుకున్నారు" అంటే సరిపోదు, పొయ్యి దగ్గర ఎవరుంటారో కూడా తేలాలి.

మొదటి ఆదివారం బావగారు వండిన ఖిచిడీ అడుగంటింది. పిల్లలు నవ్వుకుంటూనే తిన్నారు. ఆపా అస్ర్ వేళకు ఇల్లు చేరేసరికి మాడిన గిన్నె తోమి బోర్లించి ఉంది.