చచ్చే జబ్బు కాదుగా!

సున్నంలో చాకలి సోడా కలిపి పెడితే పులిపిర్లు రాలిపోతాయని ఎవరో చెప్పారట. మెడ మీద, చేతుల మీద వచ్చినవాటికి మన ఊళ్లలో తాతల నాటి నుంచీ చేస్తున్న వైద్యమే. ఇతను మర్మాంగం మీద పెట్టుకున్నాడు. నడవలేక, లుంగీ ఒంటికి తగలకుండా రెండు చేతులా పట్టుకుని మా గది ముందు ఆటో దిగాడు. చర్మం ఊడిపోయి పచ్చిపుండు. పులిపిర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. పుండు అంచున కాలీఫ్లవర్ ముక్కల్లా గుత్తిగా అలాగే ఉన్నాయి.

సుఖవ్యాధుల క్లినిక్‌లో కౌన్సెలర్‌ని. పుండ్లు చూసి జడుసుకునే దశ ఎప్పుడో దాటాను. నా కడుపు మండేది ఆ పుండుకి ముందు జరిగిన కథ విన్నప్పుడు. ఆర్నెల్లుగా ఉన్నాయట. మందుల షాపుకెళ్లి "కింద దురదగా ఉంది" అన్నాడు. కౌంటర్లో కుర్రాడు ఏమీ అడక్కుండా స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతిలో పెట్టాడు. అది రాసేకొద్దీ పెరిగాయి. పెరగవా మరి? ఆ చోట వైరస్‌తో పోరాడే శక్తిని తగ్గించే మందది. తర్వాత ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికెళితే వరసగా యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పొడిచాడు. వైరస్‌కి యాంటీబయాటిక్! ఆ తర్వాత బస్టాండు గోడ మీద రంగులతో రాసిన నంబరుకి ఫోన్ చేశాడు. లాడ్జి గదిలో ఎవరో లేహ్యం అమ్మాడు. చివరికి సున్నం. ఇంతమంది చేతులు మారినా "ఇది ఫలానా జబ్బు" అని చెప్పిన మనిషి ఒక్కడూ లేడు.

పోనీ నేనే చెబుతాను, ఇక్కడే చెబుతాను. హ్యూమన్ పాపిల్లోమా వైరస్ అని ఒకటుంది. హెచ్‌పీవీ అంటారు. అందులో రెండు వందలకు పైగా రకాలున్నాయి. జననాంగాల దగ్గర, మలద్వారం చుట్టూ వచ్చే పులిపిర్లలో నూటికి తొంభై, 6, 11 అనే రెండు రకాల వల్లే వస్తాయి. లైంగిక సంబంధంలో చర్మానికి చర్మం తగిలితే అంటుకుంటుంది. కండోమ్ వాడితే ముప్పు తగ్గుతుంది గానీ, అది కప్పని చోట చర్మం తగులుతూనే ఉంటుంది కాబట్టి పూర్తి రక్షణ కాదు. వైరస్ సోకిన చాలామందికి పులిపిర్లు రానే రావు. తమకు సోకిందని కూడా తెలియకుండానే ఏడాది రెండేళ్లలో ఒళ్లే దాన్ని వదిలించుకుంటుంది. వచ్చేవాళ్లకి సాధారణంగా రెండు మూడు నెలలకు బయటపడతాయి, ఒక్కోసారి ఏళ్ల తర్వాత. 6, 11 రకాలు క్యాన్సర్ తెచ్చేవి కావు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ఎక్కువగా కారణమయ్యేవి 16, 18 రకాలు.

ఇది చెప్పడానికి ఎంతసేపు పట్టింది? ఈ నాలుగు ముక్కలు ఆడామగా ఎవరికీ, ఇంటర్లో గానీ డిగ్రీలో గానీ పెళ్లికి ముందు గానీ ఎందుకు చెప్పరు? అడిగితే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. "చచ్చే జబ్బు కాదుగా మేడం!"

చావరు, నిజమే. ఇవే పులిపిర్లతో ఐదో నెల గర్భిణి ఒకామె వచ్చింది. కాన్పుల ఓపీలో పరీక్ష చేసిన డాక్టరమ్మ, బల్ల పక్కన తెర కూడా వేయకుండా, బయట వరసలో ఉన్నవాళ్లకి వినపడేలా "మీ ఆయన ఎక్కడెక్కడ తిరిగొచ్చాడమ్మా?" అని అడిగిందట. వరసలో అత్తగారూ ఉంది. ఆమె ఆ ప్రశ్నని ఇంకోలా అర్థం చేసుకుంది. సాయంత్రానికల్లా ఈ పిల్లని పుట్టింటికి పంపేశారు. "మా ఆయనకి ఏమీ లేవు మేడం, చూపించాడు కూడా. నాకే ఉన్నాయి. అంటే నేనే తెచ్చినట్టా?" అని అడిగింది. కాదమ్మా. ఒకరికి పైకి కనిపిస్తాయి, ఒకరికి కనిపించవు. ఎవరికి ఎప్పుడు సోకిందో, ఎవరి నుంచి ఎవరికొచ్చిందో ఏ పరీక్షా తేల్చలేదు. పెళ్లికి ముందుదో, తర్వాతదో కూడా చెప్పలేం. గర్భంతో ఉన్నప్పుడు పులిపిర్లు త్వరగా పెరుగుతాయి, కాన్పు తర్వాత చాలామందికి తగ్గుతాయి. గర్భిణులకి పొడోఫిలిన్ లాంటి మందులు రాయకూడదు. ద్రవ నత్రజనితో గడ్డకట్టించడమో, ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం అద్దడమో చేస్తారు. దారికి అడ్డుపడేంత పెరిగితే తప్ప ఈ కారణంగా సిజేరియన్ అక్కర్లేదు. ఈ మాటలు ఆ అత్తగారికి చెప్పి ఉండాల్సింది ఆ బల్ల దగ్గరే. డాక్టరమ్మకి తీరిక లేదట. అవమానించడానికి మాత్రం ఉంది!

ఇక మా సంగతి. దేశమంతటా ఇలాంటి క్లినిక్‌లకి ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద రంగుల కిట్లు వస్తాయి. బూడిద, ఆకుపచ్చ, తెలుపు, నీలం, ఎరుపు, పసుపు, నలుపు. స్రావానికొకటి, పుండుకొకటి, పొత్తికడుపు నొప్పికొకటి, గజ్జల్లో బిళ్లకొకటి. ఈ ఏడింటిలో పులిపిర్లకి కిట్టు లేదు. తప్పు పట్టలేను, మింగితే తగ్గే మాత్ర ఈ జబ్బుకి లేదు మరి. చేత్తో చేయాల్సిన వైద్యం ఇది. మందు అద్దాలి, లేదా కరెంటుతో కాల్చాలి, లేదా కోసి తీయాలి. తీసినా మొదటి మూడు నెలల్లో మళ్లీ రావచ్చు, మళ్లీ తీయాలి. అందుకు కావలసింది ఒక మందు సీసా, ఒక కాటరీ యంత్రం, ఓపికున్న ఒక డాక్టరు. సీసా అయిపోయిందని రాస్తే ఇండెంటు కాగితం తిరుగుతూనే ఉంటుంది, రోగి కూడా దానితోపాటే తిరుగుతుంటాడు. కొన్నాళ్లకి రావడం మానేస్తాడు. రిజిస్టర్లో అతని పేరు ఎదురుగా ఏం రాయాలో మాకు తెలియక ఖాళీగా వదిలేస్తాం. పై నుంచి వచ్చి ఆ రిజిస్టరు తిరగేసినవాళ్లెవరూ ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి ఇదేమిటని అడగలేదు.

మలద్వారం దగ్గర వచ్చినవాళ్ల పాట్లు ఇంకో రకం. "మొలలు, లూటీలకు ఆపరేషన్ లేకుండా గ్యారంటీ చికిత్స" బోర్డుల కింద వాళ్లు కాలిపోతున్నారు. అక్కడివాళ్లకి పులిపిరికీ మొలకీ తేడా తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. అవి సిఫిలిస్ వల్ల వచ్చిన తడి బొడిపెలైనా తేడా తెలియదు. రక్తపరీక్ష చేసి పెన్సిలిన్ ఇస్తే పోయేవి అవి!

వీటన్నిటికంటే నన్ను దహించేది టీకా సంగతి. 6, 11, 16, 18 నాలుగు రకాలనూ ఆపే గార్డసిల్ 2006లోనే అమెరికాలో అనుమతి పొందింది. ఆస్ట్రేలియా 2007లో ఆడపిల్లలందరికీ వేయడం మొదలుపెట్టింది. నాలుగేళ్లు తిరక్కుండానే అక్కడి సుఖవ్యాధుల క్లినిక్‌లకి వచ్చే ఇరవై ఒక్కేళ్ల లోపు అమ్మాయిల్లో ఈ పులిపిర్లు తొంభై శాతానికి పైగా తగ్గిపోయాయి. 2013 నుంచి మగపిల్లలకీ వేస్తున్నారు.

అదే టీకా మన దగ్గరికీ వచ్చింది. ఎలా వచ్చిందో గుర్తుందా? 2009లో, ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, దాదాపు పద్నాలుగు వేల మంది పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. విచారణ కమిటీ చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది వార్డెన్లూ హెడ్‌మాస్టర్లూ. 1,948 మీద వేలిముద్రలు. పిల్లలు కొందరు చనిపోయారు, గొడవైంది, 2010 ఏప్రిల్లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. తల్లిదండ్రులకి ఏం చెప్పారన్నదానికి మాత్రం సరైన జవాబు లేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని ఉతికి ఆరేసింది. చెప్పకుండా పొడిచి, గొడవయ్యాక చెప్పకుండానే మూట కట్టేశారు. భయం మాత్రం ఊళ్లలో ఉండిపోయింది. ఇప్పటికీ ఆ వైపు నుంచి వచ్చిన తల్లికి హెచ్‌పీవీ టీకా అంటే ముఖం మాడిపోతుంది. ఆమెని నేనేమని తిట్టను?

2022లో మన సీరం ఇన్‌స్టిట్యూట్ చేసిన సెర్వావాక్‌కి అనుమతి వచ్చింది. అదీ ఆ నాలుగు రకాలకే. మరుసటి ఏడు రెండు వేల రూపాయల ధరతో ప్రైవేటు బజారుకెక్కింది. పోస్టర్లలో ఆడపిల్ల, క్యాన్సర్. బాగానే ఉంది. క్యాన్సర్ ఆగాల్సిందే. అదే సూది పులిపిర్లనూ ఆపుతుందనీ, వచ్చాక వేస్తే ఉన్నవి పోవనీ, వైరస్ తగలకముందే వేయాలనీ, వైరస్‌ని మోసేది మగపిల్లాడు కూడాననీ అదే పోస్టరులో ఇంకో వాక్యం రాయడానికి చోటు లేకపోయిందా?

అయ్యా, అధికారుల్లారా, పెద్ద ఆసుపత్రి కట్టమనడం లేదు. పరీక్ష బల్ల పక్కన తెర కట్టించండి. ఆ సీసా అయిపోకముందే పంపండి. బస్టాండు గోడ మీద ఆ లాడ్జి వైద్యుడి నంబరు పక్కనే మా క్లినిక్ గది నంబరు, ఓపీ వేళలు రాయించండి. రంగు డబ్బాకి డబ్బుల్లేవంటే మేమే చందా వేసుకుంటాం.